పడవకి ఏడు ప్రశ్నలు

రెమీకి ఆ కాగితం పూర్తి చెయ్యడానికి టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. ప్రతి ప్రశ్నకీ ఎదురుగా, సున్నా నుంచి మూడు మార్కుల దాకా, నాలుగు గళ్ళున్నాయి: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు ప్రతిరోజూ. రెమీ మొదటి గడిలోనే టిక్కులు పెట్టుకుంటూ నిచ్చెన దిగినట్టు కిందికి దిగిపోయాడు. ఈ రెండు వారాల్లో కంగారుగా అనిపించిందా? అసలు లేదు. ఆలోచనలు ఆపుకోలేకపోయారా? అసలు లేదు. కుదురుగా కూర్చోలేకపోయారా? అసలు లేదు. పెన్ను మూత పెట్టి, కాగితాన్ని క్లినిక్కు బల్ల మీద ఎడ్మండ్ వైపు తోశాడు.

"అయిపోయింది మామయ్యా. సంతకం పెట్టేస్తే పోతాను. లాబ్‌స్టర్ బోన్లు ఇంకా సగం రేవుకి చేరలేదు."

ఎడ్మండ్ వెంటనే కాగితం అందుకోలేదు. ఆయన చూపు నేల మీద ఉంది. బల్ల మీది దీపం వైరు పొడుగ్గా ఉండి, ఎప్పుడూ కుర్చీ కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టుకుని పడి ఉంటుంది. రెమీ లోపలికి వస్తూనే కూర్చోకుండా ఆగాడు. వంగి, ఆ వైరు చుట్టలు విప్పి, గోడ వారగా తిన్నగా పరిచి, అప్పుడు కూర్చున్నాడు. అలా చేసినట్టు తనకే తెలిసినట్టు లేదు.

"ఏడోది ఖాళీగా ఉంది," అన్నాడు ఎడ్మండ్.

"ఉండనివ్వండి."

"సున్నా అయినా పెట్టాలిరా."

"సున్నా పెట్టాలంటే ముందు ఆ వాక్యం చదవాలి కదా. నేను చదవలేదు. అక్కడేదో రాసుందని చూశానంతే." రెమీ నవ్వబోయాడు. "బోన్లు రేవు మీద ఉండగా అలాంటివి చదివిస్తారా ఎవరైనా?"

ఏడో ప్రశ్న, ఏదో ఘోరం జరగబోతోందని భయం వేసిందా, అని.

ఆన్స్ బ్లాంష్ అనే ఆ రేవు ఊళ్ళో పుట్టినవాడికి ఎవడికైనా అది తెలిసిన విషయమే. నవంబరు ఆఖరి సోమవారం లాబ్‌స్టర్ వేట మొదలవుతుంది. బోన్లు పెరళ్ళలోంచి రేవుకి దిగిన రోజు నుంచి, ఆ మొదటిరోజు ఆఖరి పడవ తిరిగొచ్చి తాడు కట్టేవరకూ, చెడు అన్నది ఎవరి నోటా రాకూడదు, ఎవరి చేతా రాయబడకూడదు. ఆడవాళ్ళు 'జాగ్రత్త' అన్న మాట కూడా అనరు. ఫాదర్ గారు ఆ ఆదివారాల్లో తుఫానున్న వాక్యాల్ని దాటేసి చదువుతారు. మనిషిని పట్టుకుని 'ఎలా ఉన్నావు' అని కూడా అడగరు. పడవ ఎలా ఉందని అడుగుతారు.

అందుకే నవంబరులో ఈ కాగితం మీద ఆ ఊరి మార్కులు నేలకి దిగిపోతాయి. నగరంలోని ఆఫీసువాళ్ళు ఒక ఏడాది ఫోన్ చేసి, తీరం మొత్తం మీద మీ ఊరంత నెమ్మదైన ఊరు లేదని అభినందించారు కూడా. ఎడ్మండ్ ఆ మాట ఇంటికెళ్ళి భార్యకి చెబితే, క్లారిస్ పిండి కలిపే చేతులు ఆపకుండానే, "ఆ నెమ్మదేదో ఒకసారి నా వంటింట్లోకొచ్చి చూసి పొమ్మనండి," అంది. అప్పటికే బల్ల మీద వీధి మొత్తానికి సరిపోయే రొట్టెలున్నాయి.

ఎడ్మండ్ వయసులో ఉండగా మోంక్టన్ నగరంలో మనస్తత్వశాస్త్రం చదువుకుని, ఊరికి తిరిగొచ్చి, బడిలో పనిచేసి రిటైరయ్యాడు. అప్పట్నుంచీ వారానికొక రోజు క్లినిక్కులో కూర్చునేవాడు, క్లారిస్ పోయాక ఇల్లు మరీ మూగబోవడంతో అది రెండు రోజులైంది. రెమీ ఆవిడ అన్నగారి కొడుకు. తల్లి లేని పిల్లాడని ఆవిడే పెంచింది. తన వేట పడవకి వాడు 'టాంట్ క్లారిస్', అంటే క్లారిస్ అత్త, అని ఆవిడ పేరే పెట్టుకున్నాడు. ఊళ్ళో అందరూ ఆ పడవని 'అత్త' అంటారు. బంధువుని తనే పరీక్షించడం సబబేనా అని ఎడ్మండ్ మొదట్లో అడిగితే, ఆ ఊళ్ళో బంధువులు కానివాళ్ళనే చూడాలంటే క్లినిక్కు మూసుకోవచ్చని నర్సు నవ్వేసింది.

పోయిన ఏప్రిల్‌లో, వేట చివరి రోజుల్లో, అత్త మీద బోన్లు నీళ్ళలోకి తోస్తుండగా, గేతాన్ అనే కళాసీ కాలు తాడు చుట్టలో పడింది. బోను బరువు అతన్ని కూడా లాక్కుపోయింది. రెమీ ఇంజిన్ ఆపి, అదే తాడుని యంత్రం మీద వెనక్కి చుట్టి, మనిషిని బోనుతో సహా పైకి తీశాడు. గేతాన్ నీలంగా వచ్చాడు, కానీ బతికే వచ్చాడు. కుంటి నడక మిగిలింది. ఎవరూ పోలేదు కనక ఊరు ఆ సంగతి అక్కడితో వదిలేసింది. ఎవరూ పోలేదు కనకే రెమీకి భయపడే హక్కు కూడా లేకుండా పోయింది.

బీమా వాళ్ళు మాత్రం వదల్లేదు. కళాసీలని తీసుకుని మళ్ళీ వేటకెళ్ళాలంటే పడవ నడిపే సరంగు మనసు కుదురుగా ఉందని క్లినిక్కు రాసివ్వాలన్నారు. మొత్తం మార్కులు పది దాటితే నగరంలో డాక్టరు చూసేవరకూ అనుమతి లేదు. రెమీకి వచ్చింది సున్నా.

"శనివారం పడవ దగ్గరికొస్తాను. అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాడు ఎడ్మండ్.

రెమీ మొహం బిగుసుకుంది. "ఇందులో మాట్లాడుకోడానికేముంది? కూడడం రాదా మీకు?"

"వస్తుందిలే. వెళ్ళి బోన్లు దించుకో."

వాడు వెళ్ళాక ఎడ్మండ్ డాక్టర్ విట్‌కూంబ్‌కి ఫోన్ చేశాడు. హాలిఫాక్స్ నగరంలో ఉండి చుట్టుపక్కల పల్లెల కాగితాలన్నీ చూసే ఆవిడ. ఓపికగా విన్నది.

"అయితే అతను అబద్ధం చెబుతున్నాడంటారా ఎడ్మండ్ గారూ?"

"అబద్ధం కాదమ్మా. ఈ రోజుల్లో మా ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. వైరు సంగతి చెప్పాను కదా."

"వైరు సర్దినవాళ్ళందర్నీ ఒడ్డున కూర్చోబెడితే నేనూ కూర్చోవాలి," అంది ఆవిడ. "మనిషి తన గురించి తను చెప్పుకున్నదే ఈ కాగితానికి ఆధారం. పక్కవాళ్ళు చెప్పింది కాదు. మీరు ప్రశ్న మార్చి అడగచ్చు, మీ ఇష్టం. కానీ మార్చాక వచ్చేది మార్కు కాదు, దాన్ని నేను వాడలేను."

"తెలుసు."

"మార్కు లేకపోయినా పర్వాలేదు. తనంతట తను ఒక్క మాట అంటే చాలు, వెంటనే చూస్తాను. అది అతని నోట్లోంచి రావాలి."

ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. అదే ఎడ్మండ్‌ని ఎక్కువ బాధపెట్టింది.

శుక్రవారం సాయంత్రం రెమీ భార్య జోసెలిన్ వచ్చింది. తురిమిన బంగాళాదుంపల మధ్య కోడిమాంసం పెట్టి కాల్చిన రాప్యూర్, వేడి పోకుండా తువ్వాలు చుట్టి తెచ్చింది. ఒంటరివాడికి అది రెండు రోజుల భోజనం. అడుగున మాడిన అంచు ఎడ్మండ్‌కి ఇష్టమని గుర్తుంచుకుని ఆ వైపు ముక్కే తెచ్చింది. కోటు విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది.

"అంతా బాగానే ఉంది మామయ్యగారూ," అంది, ఆయన ఏమీ అడక్కుండానే.

"మంచిది."

"పెరట్లో నీళ్ళ గొట్టం కనిపించట్లేదు. చుట్ట చుట్టి గోడకి తగిలించేదాన్ని. చిన్నదాని స్కిప్పింగ్ తాడు కూడా ఎక్కడికి పోయిందో. వెతుకుతున్నాం."

"దొరుకుతాయిలే."

"దొరకవు," అంది జోసెలిన్. తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "మీరు ఆ సంతకం పెట్టారా?"

"ఇంకా లేదు."

ఆమె పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మొదటి రెండు వారాల వేటే ఏడాది మొత్తాన్ని నడిపిస్తుందని ఆయనకి ఆమె చెప్పక్కర్లేదు. మొదటిరోజు ఒడ్డున నిలబడిపోయిన సరంగుని ఊరు ఎలా చూస్తుందో కూడా చెప్పక్కర్లేదు. సోమవారం పొద్దున అత్త వెనక డెక్కు మీద, తలెత్తు బోన్ల మధ్య, ఆ తాళ్ళ చుట్టల్లో మళ్ళీ నిలబడేది గేతానే అని కూడా ఇద్దరికీ తెలుసు. చుక్కాని దగ్గర రెమీ చెయ్యి ఒక్క క్షణం తప్పితే చాలు. వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మంలో పడిన మంచు చీపురుతో ఊడ్చి మరీ వెళ్ళింది.

శనివారం రేవంతా బోన్ల గోడలే. తాజా తాడు వాసన, డీజిలు వాసన. గేతాన్ బోన్ల మీద కూర్చుని కుంటి కాలు ఊపుతున్నాడు.

"మాస్టారూ, రండి రండి! పైన నిలబడి తాడు లాగినవాడికి పరీక్షలు, ములిగొచ్చినవాణ్ణి అడిగే దిక్కు లేదు. ఏం న్యాయమండీ ఇది?"

"నీకూ వేసవిలో పెట్టాంగా."

"అందులో సున్నా వచ్చింది. బళ్ళో కూడా మీరు నాకు అదే వేసేవారు."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ముసలి మెకానిక్ అల్ఫోన్స్, "బళ్ళో కష్టపడి తెచ్చుకున్నావు, ఇక్కడ ఉత్తినే వచ్చింది," అన్నాడు. గేతాన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, కాలు ఊపడం ఆపి, కింద తాడు ఎక్కడుందో ఒకసారి చూసుకున్నాడు. ఎడ్మండ్ అది చూశాడు.

చుక్కాని గదిలో రెమీ ఒక్కడే ఉన్నాడు. తలుపు మూశాక గాలి హోరు తగ్గింది. సంతకం అడుగుతాడని ఎడ్మండ్‌కి తెలుసు. వాడు అడిగేలోపే తను అడిగాడు.

"అత్త ఎలా ఉంది?"

ఆ ఊళ్ళో ఆ వారం అందరూ అడిగే ప్రశ్నే. రెమీ భుజాలు కాస్త దిగాయి. "బాగానే ఉంది. కొత్త రంగు వేయించాం. అల్ఫోన్స్ తాత ఇంజిన్ అంతా చూశాడు."

"ఇంజిన్ సంగతి కాదు. ఈ రెండు వారాలూ ఎలా ఉంది? కంగారు పడుతోందా?"

రెమీ నవ్వాడు. "పడవకి కంగారేమిటి మామయ్యా?" తర్వాత నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి పడవ ముక్కుని చూస్తూ నిలబడ్డాడు. "రేవులో కట్టేసి ఉన్నా పడుతోంది," అన్నాడు.

"అప్పుడప్పుడా?"

"రోజూ."

"ఆపుకోగలుగుతోందా?"

"ఎన్ని తాళ్ళు కట్టినా పీకుతూనే ఉంది."

"ఆ కంగారు దేని గురించి?"

"అన్నిటి గురించీ. కొక్కెం గురించి, గాలి గురించి. పిల్లలు బడి బస్సు దిగడం కాస్త ఆలస్యమైతే దాని గురించి."

పడవకి బడి బస్సుతో ఏం పనని ఎడ్మండ్ అడగలేదు. రెమీ కూడా సర్దుకోలేదు.

"నిద్ర?"

"పోదు. కళ్ళు మూస్తే నీళ్ళలోకి పోతున్న తాడు కనిపిస్తుంది. చూస్తూ చూస్తూ ఉండగానే తాడు అయిపోతుంది."

"కుదురు?"

"ఒకచోట నిలవదు."

"విసుగు, కోపం?"

రెమీ గొంతు తగ్గిపోయింది. "మొన్న చిన్నదాని మీద అరిచింది. ఇంటి ముందు తాడు పడేసిందని. పిల్ల హడలిపోయింది. ఎప్పుడూ అలా అరవలేదు దాని మీద."

ఎడ్మండ్ జేబులోంచి చెయ్యి తియ్యలేదు. పెన్ను, కాగితం లోపలే ఉండనిచ్చాడు. ఏడోది ఎలా అడగాలో ఆయనకి తెలియలేదు. పక్క పడవలో ఎవరో రేడియో పెట్టారు, కట్టేశారు.

"గేతాన్‌ని వెనక నిలబెట్టుకుని బయల్దేరాలంటే," అన్నాడు రెమీ చివరికి, "దాని ఒళ్ళంతా వణుకుతోంది మామయ్యా. వాణ్ణి మళ్ళీ తీసుకురాలేనంటోంది."

ఎడ్మండ్ తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి రెమీ మొహం మారిపోయింది. తను ఏం చేశాడో, తన చేత ఏం చేయించారో అప్పుడు తెలిసింది వాడికి.

"ఓహో! లెక్క వేస్తున్నారన్నమాట! ఎంతొచ్చింది? ఇరవయ్యా? పడవ మార్కులు పట్టుకుని మనిషిని ఆపుతారా?"

"ఆపను. పడవ మార్కులు ఎవరికీ పనికిరావు."

"అత్త పేరు చెప్పి నా చేత వాగించారు. ఆవిడుంటే ఇలా చేసేదా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఎడ్మండ్ కిటికీ వైపు తిరిగాడు. "చేసేది కాదు," అన్నాడు. "నీకు తిండి పెట్టి, నువ్వు చెప్పేదాకా కూర్చునేది. నాకు అంత టైము లేదురా. సోమవారం వచ్చేస్తోంది."

"సంతకం పెడతారా, లేదా?"

"నీ కాగితం మీద సున్నా ఉంది. పెట్టాలి. సోమవారం పొద్దున రేవు మీద పెడతాను. గేతాన్ నీ పక్కన నిలబడి ఉండగా అడుగు. అడిగితే పెట్టేస్తాను."

రెమీ తలుపు తీసి పట్టుకున్నాడు. వెళ్ళమని దాని అర్థం.

ఆదివారం ఎడ్మండ్‌కి ఏమీ తోచలేదు. ఫాదర్ గారు పడవలని దీవిస్తుంటే వెనక వరసలో నిలబడ్డాడు. వాడు అడిగితే పెడతానని ఎందుకన్నాను, అనుకున్నాడు. బరువంతా వాడి మీదే తోసి తను తప్పుకున్నట్టు కాలేదూ? వాడు అడుగుతాడు, తను పెడతాడు, తాడు అయిపోతుంది. మధ్యాహ్నం క్లినిక్కు తాళం తీసి, ఎవరూ లేని గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, దీపం వైరుని గోడకి టేపు పెట్టి అతికించాడు. ఆ రోజు ఆయనకి చేతనైన పని అదొక్కటే.

సోమవారం తెల్లవారక ముందు బయటికొస్తే, కారు అద్దం మీద మంచు ఎవరో గీకేసి ఉంది. పక్కింటాయన రెండో కారు గీకుతూ చెయ్యి ఊపాడు. రేవు దగ్గర ఊరంతా ఉంది. పడవలన్నీ దీపాలు వేసుకుని ఇంజిన్లు పెట్టి నిలబడ్డాయి. ఆడవాళ్ళు ఫ్లాస్కులు అందిస్తున్నారు. ఎవరూ జాగ్రత్త అనడం లేదు.

గేతాన్ అత్త మీదికి ఎక్కేశాడు. రెమీ దిగి ఎడ్మండ్ వైపు నడిచాడు. గేతాన్ కూడా కుంటుతూ వెనకాలే వచ్చాడు. "మాస్టారూ, పెట్టెయ్యండి పెట్టెయ్యండి, పక్క పడవ వాళ్ళు మన చోటు కొట్టేస్తారు!"

ఎడ్మండ్ కాగితం తీశాడు. పెన్ను మూత తీశాడు. సిరా గడ్డకట్టిందేమోనని అరచేతి మీద గీసి చూశాడు. ఇక చెయ్యడానికేమీ లేక రెమీ మొహంలోకి చూశాడు.

రెమీ నోరు తెరిచాడు. గేతాన్ బూట్ల వైపు చూశాడు. బూట్ల పక్కనే రేవు మీద ఎవరిదో తాడు చుట్ట చుట్టి ఉంది.

"మామయ్యా," అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పక్కనున్న పడవల వాళ్ళకి కూడా వినిపించింది. "అత్తకి ఒంట్లో బాగోలేదు."

పక్క పడవలో ఫ్లాస్కు అందుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. వెనక ఇంజిన్ సాఫీగా, తడబడకుండా కొట్టుకుంటోంది. అందులో ఏ లోపమూ లేదని చెవులున్న ప్రతివాడికీ తెలుసు.

"ఏంటీ? దానికేం రోగం?" అన్నాడు గేతాన్. "రాత్రే కదా చూశాం! రెమీ, ఆటలాడకు. నా ఏడాది కూడు ఇది!" అంతవరకూ అరిచినవాడు రెమీ మొహం చూసి ఆగిపోయాడు. రెండడుగులు వెనక్కి వేసి, అందిన బోను మీద కూలబడ్డాడు. మోకాళ్ళు రెండూ టకటకా కొట్టుకుంటుంటే చేతులతో నొక్కి పట్టుకున్నాడు. "చలి," అన్నాడు ఎవరూ అడక్కపోయినా. "ఎవరైనా కాస్త టీ పొయ్యండమ్మా."

జోసెలిన్ గేతాన్‌కి టీ పోసింది. రెమీ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఇద్దరూ నిలబడలేరని తెలుసేమో.

మిగతా పడవలు వరసగా కదిలాయి. ఆఖరి దీపం మలుపు దాటాక, ఒడ్డున మిగిలినవాళ్ళు, ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ, చేతికి చెయ్యి అందించుకుంటూ అత్త మీది బోన్లని దించడం మొదలుపెట్టారు. అల్ఫోన్స్ పనిముట్ల పెట్టె తెచ్చుకుని, ఇంజిన్ గది మూత ఎత్తి లోపలికి దిగాడు.

"ఏమైంది తాతా?" అని ఎవరో అడిగారు.

"పెద్ద పనే," అన్నాడు అల్ఫోన్స్ లోపల్నుంచి. "చాలా రోజులు పట్టేలా ఉంది." అని, మంచి ఇంజిన్ పక్కనున్న ఇనప కమ్మీ మీద సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ఊరంతా వినేలా కొట్టాడు.

సాయంత్రం పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. రెమీ క్లినిక్కు కిటికీ దగ్గర కోటుతోనే నిలబడి చూశాడు. ఎడ్మండ్ తొందరపెట్టలేదు. ఆఖరి పడవ తాడు కట్టాక వాడొచ్చి కుర్చీ లాక్కుని, కాళ్ళ దగ్గర చూశాడు. తర్వాత గోడ మీది టేపు చూశాడు.

"ఎప్పుడు చేశారిది?"

"నిన్న."

రెమీ కొత్త కాగితం తీసుకుని, ఈసారి ముందుగా ఏడో ప్రశ్నే చదివాడు. పెదవులు కదిలాయి. చాలాసేపు చదివాడు.

"నాలుగు గళ్ళేనా?"

"నాలుగే."

"చాలవు."

"తెలుసురా. ఉన్నవాటిలో పెట్టు."

రెమీ ఆఖరి గడిలో టిక్కు పెట్టాడు. అది గడి దాటిపోయింది. మిగతావి కింది నుంచి పైకి నింపుకుంటూ వెళ్ళాడు. ఎడ్మండ్ డాక్టరు నంబరు రాసి ఉంచిన చీటీని దగ్గరికి జరిపాడు.

"మళ్ళీ పడవ ఎక్కగలనంటారా మామయ్యా?"

అవునని చెప్పడం తేలిక. క్లారిస్ ఉంటే ఏం చెప్పేదో ఆలోచించాడు ఎడ్మండ్. ఆవిడ కూడా చెప్పేది కాదేమో. "తెలీదురా," అన్నాడు. "టీ తాగు, చల్లారిపోతోంది."

రెమీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. చీకట్లో రేవు వైపు నుంచి ఇంకా సుత్తి చప్పుడు వినిపిస్తోంది. ఎవరైనా వెళ్ళి అల్ఫోన్స్‌ని ఇక ఇంటికి పొమ్మని చెబితే బాగుండు, అనుకున్నాడు ఎడ్మండ్.